ముప్పు లెక్కలో మనుషులనూ చేర్చండి

గౌరవనీయులైన కమిషనర్ గారికి,
గ్రేటర్ చెన్నై కార్పొరేషన్.

విషయం: షోళింగనల్లూరు మండలంలో వరద ముప్పును అంచనా వేసే పద్ధతి మార్చాలని వినతి.

ఆర్యా,

షోళింగనల్లూరు, కారపాక్కం, సెమ్మంజేరి ప్రాంతాల్లో కాపురముంటున్న తెలుగు కుటుంబాల తరఫున ఈ వినతిపత్రం సమర్పిస్తున్నాం. తమిళ ప్రతి జతచేశాం.

ఈశాన్య రుతుపవనాల ముందు ఏ వీధిలో ఎంత లోతు నీరు నిలుస్తుందో చూసి ముంపు ప్రాంతాల జాబితా వేస్తున్నారు. అది కావాల్సిందే. కానీ నీటి లోతు ఒక్కటే ముప్పు కాదు. వచ్చిపడే వాన ఎంత, దాని దారిలో ఎవరున్నారు, వాళ్లు ఎంత దెబ్బను తట్టుకోగలరు: ఈ మూడూ కలిస్తేనే ముప్పు. 2015లో జపాన్‌లోని సెండైలో మన దేశంతో సహా ప్రపంచ దేశాలు ఒప్పుకున్న ప్రణాళికలో మొదటి ప్రాధాన్యం ముప్పును ఇలా అన్ని వైపుల నుంచీ అర్థం చేసుకోవడానికే. వానను ఎవరూ ఆపలేరు. మిగతా రెండూ ప్రభుత్వం తలుచుకుంటే మారేవే.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర. అంతకుముందు చెన్నై తీరాన్ని ఆనుకుని నెమ్మదిగా కదలడంతో ఇక్కడ వీధులు మునిగాయి. దక్షిణ చెన్నై చెరువుల మిగులు నీరు పళ్లికరణై చిత్తడి నేలకు చేరి, ఒక్కియం మడువు గుండా బకింగ్‌హామ్ కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. సముద్రం పోటు మీదుంటే ఆ నీరు త్వరగా దిగదు. అంతర్జాతీయ ప్రాముఖ్యం గలదిగా 2022లో రామ్‌సర్ గుర్తింపు పొందిన ఆ చిత్తడి నేలను అప్పటికే చెత్తకుప్పలు, రోడ్లు, భవనాలు చాలావరకు ఆక్రమించేశాయి.

నీరు ఒకటే అయినా దెబ్బ అందరికీ ఒకటి కాదు. మోకాలి లోతు నీరు అపార్టుమెంటులో చేరితే సెల్లారులో కార్లు పాడవుతాయి, జనరేటరు మీద లిఫ్టు నడుస్తుంది. కింది గదిలో అద్దెకుండే కూలీ ఇంట్లో చేరితే బియ్యం, పిల్లల పుస్తకాలు, ఆధార్ కార్డులు తడిసిపోతాయి. గోడకు కిందుగా ఉన్న కరెంటు మీటరు మునుగుతుంది. ఆ వారం కూలీ ఉండదు. ఇప్పటి జాబితాలో ఈ రెండు ఇళ్లూ ఒకటే.

సెమ్మంజేరి సంగతి మరీ బాధాకరం. 2004 సునామీలో ఇళ్లు పోయినవారిని, నగరంలోని మురికివాడల నుంచి ఖాళీ చేయించినవారిని తెచ్చి ఇక్కడి పల్లపు నేలలో ఇళ్లిచ్చారు. సముద్రం నుంచి తప్పించి వరదకు అప్పగించినట్టయింది. స్థలం ఎంచుకున్ననాడే నీటి దారితో పాటు ఆ కుటుంబాల స్తోమతనూ లెక్కలోకి తీసుకుని ఉంటే ఆ నిర్ణయం వేరుగా ఉండేది.

కాబట్టి వార్డు వారీగా ముప్పు పటం తయారు చేయించండి. అందులో నీటి లోతుతో పాటు నేలమట్టపు ఇళ్లు, ఒంటరి వృద్ధులు, గర్భిణులు, డయాలిసిస్ రోగులు, వికలాంగులు ఎక్కడెక్కడ ఉన్నారో ఉండాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి కట్టడాల దగ్గరే రేకుల షెడ్లలో పడుకునే కూలీలను తప్పక లెక్కించండి. వారికి ఇక్కడ ఓటూ, రేషన్ కార్డూ ఉండవు. 2023లో ప్రకటించిన రూ.6,000 సాయం రేషన్ దుకాణాల ద్వారా పంచినప్పుడు కార్డు లేనివారు విడిగా దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చింది. లెక్కలో లేనివారికి హెచ్చరికైనా, పడవైనా ఆలస్యంగానే అందుతాయి. ఆ షెడ్ల దగ్గర హెచ్చరికలు తెలుగులోనూ, హిందీలోనూ వినిపించాలి.

ఈ పటాన్ని చెన్నై మూడో మాస్టర్ ప్లాన్‌లో చేర్చేలా చెన్నై మహానగర అభివృద్ధి సంస్థకు (సీఎండీఏ) సిఫార్సు చేయండి. పల్లంలో కొత్త కట్టడానికి అనుమతి ఇచ్చే ముందు, పై వీధి నీరు ఎటు పోతుందో, కింది వీధి ఇళ్లకు ఎంత ముప్పు పెరుగుతుందో రాతపూర్వకంగా తేల్చాలి. 2025లో సవరించిన విపత్తు నిర్వహణ చట్టం కార్పొరేషన్ ఉన్న నగరాల్లో పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పాటుకు వీలు కల్పించింది. చెన్నైలో ఆ సంస్థ ముందు ఈ పటాన్ని ఉంచాలని, ఒక్కియం మడువు నీటిమట్టాన్ని వానాకాలంలో రోజూ ప్రకటించాలని కోరుతున్నాం.

ఇళ్ల వివరాల సేకరణకు మా వీధుల నుంచి వాలంటీర్లను ఇస్తాం. అక్టోబరు వానలలోపు మండల కార్యాలయంలో మాతో ఒక సమావేశం ఏర్పాటు చేయగలరు.

ఇట్లు,
షోళింగనల్లూరు తెలుగు నివాసులు