తోటి విద్యార్థే తొలి తోడు

1959లో భిలాయ్‌లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఉక్కు పనికని ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నారు. 2016లో మొదలైన ఐఐటీ కూడా మన ముంగిట్లోనే ఉంది. అందుకే ఈ సంచికను విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు కేటాయించాం.

మా ప్రతిపాదన ఒకటే: విద్యార్థులనే రోజుకు కొద్ది గంటలు జీతమిచ్చి గ్రంథాలయ సహాయకులుగా నియమించాలి. హిందీ మాధ్యమం నుంచి వచ్చిన మొదటి సంవత్సరం పిల్లవాడు అధికారిని అడగడానికి జంకుతాడు. సీనియర్‌ను చనువుగా అడుగుతాడు. కేటలాగులో వెతకడం, పరిశోధన పత్రాలు సంపాదించడం, ఆధారాలు సరిగా పేర్కొనడం తోటివారే నేర్పగలరు. ఇలాంటి సాయం పాఠకుడి సమయాన్ని ఆదా చేస్తుంది; అలా ఆదా చేయాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు.

అయితే ముందు శిక్షణ ఇవ్వాలి. పరీక్షల వేళ సెలవివ్వాలి. క్లిష్టమైన ప్రశ్నలు లైబ్రేరియన్‌కే చేరాలి. శాశ్వత ఉద్యోగాలకు ఇది ప్రత్యామ్నాయం కారాదు.

1914లో బెజవాడ గ్రంథాలయ సభతో అయ్యంకి వెంకట రమణయ్య గ్రంథాలయోద్యమానికి ఊపునిచ్చారు. ఆ వారసత్వం మనది. ఇక్కడి విద్యాసంస్థలు ఈ ఏడాదే ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాం.

– సంపాదకుడు