యౌవనస్థుల ఉత్తరాలు: నీ నవలను ఎవరు మోస్తారు?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి చర్ల దాటిన తరువాత అడవి అంచున ఉన్న ఒక పల్లె నుండి వచ్చింది. వ్రాసినవాడు డిగ్రీ చదివిన యౌవనస్థుడు. పగలు మిరప తోటలో పని, రాత్రి నోటు పుస్తకంలో పని. అయిదేళ్ళుగా ఒక నవల వ్రాశాడు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు ఒక కుటుంబం పిల్లాజెల్లాతో గుట్ట ఎక్కుతుంది. 2022 జూలైలో నది 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఆ కుటుంబమే మళ్ళీ ఆ గుట్టే ఎక్కవలసి వస్తుంది. ఆ రెండు వరదల మధ్య 36 ఏళ్ళు అతని నవల. మొదటి వరద సంగతులు నాయనమ్మ చెప్పినవట.

నవలను మూడు చోట్లకు పంపాడు. ఒక చోట నుండి జవాబే లేదు. ఒకరు తిప్పి పంపారు. మూడవ ఆయన ఫోను చేసి, "అద్భుతంగా ఉంది, 60 వేలు కట్టండి, 500 కాపీలు వేస్తాము, అవార్డు కూడా చూద్దాము" అన్నాడట. "విదేశాలలో నవలలు వ్రాసేవారికి లిటరరీ ఏజెంట్లు ఉంటారని విన్నాను. మనకు ఎవరున్నారు? అమ్మ మేకలను అమ్మి డబ్బు కడతానంటున్నది. ఏమి చేయమంటారు?" అని అడిగాడు.

తమ్ముడూ, మొదట మేకలను అమ్మవద్దని అమ్మగారితో చెప్పు. మిగిలినది నిదానంగా మాట్లాడుకుందాము.

మన వైపు ఏజెంటు అనగానే బీమా ఏజెంటో, గల్ఫ్ పంపిస్తానని చెప్పి పాస్‌పోర్టు పట్టుకుపోయినవాడో జ్ఞాపకం వస్తాడు. లిటరరీ ఏజెంటు వేరు. రచయిత తరఫున ప్రచురణకర్తల దగ్గరకు వెళ్ళి, ఈ పుస్తకం వేయండి అని అడిగి, బేరమాడి, ఒప్పందం కాగితం చదివి సంతకం పెట్టించే మధ్యవర్తి. 19వ శతాబ్దం చివరి భాగంలో లండన్‌లో ఎ. పి. వాట్ అనే స్కాట్లండు దేశస్థుడు ఈ పనిని ఒక వృత్తిగా నిలబెట్టాడు. రచయితకు వచ్చే రాబడిలో నూటికి పది రూపాయలు ఏజెంటుకు అన్న పద్ధతి ఆయన నాటిదే. ఇప్పుడు సాధారణంగా 15. ఇందులో నీవు గమనించవలసిన మాట ఒక్కటే ఉన్నది. పుస్తకం అమ్ముడై రచయితకు డబ్బు వస్తేనే ఏజెంటుకు డబ్బు. ముందుగా రచయిత జేబులో చెయ్యి పెట్టేవాడు ఏజెంటూ కాడు, ప్రచురణకర్తా కాడు. అచ్చువేసి ఇచ్చే వ్యాపారం చేసుకుంటున్నాడు. అది నేరమేమీ కాదు గాని, దానికి "మీ రచనను ఎంపిక చేశాము" అని పేరు పెట్టడం మాత్రం న్యాయం కాదు.

ఏజెంట్లున్న దేశంలోనైనా దారి సుఖంగా ఉంటుందనుకోవద్దు. అమెరికాలో జాన్ గ్రిషమ్ అనే వకీలు ఉన్నాడు. బాప్టిస్టు సంఘ సభ్యుడు. మిసిసిపి రాష్ట్రంలో కోర్టు పని మొదలుకాక ముందు, తెల్లవారుజామున 5 గంటలకే లేచి వ్రాసుకునేవాడు. మొదటి నవల "ఎ టైమ్ టు కిల్"కు మూడేళ్ళు పట్టింది. ఎందరో ఏజెంట్లు, ప్రచురణకర్తలు కాదన్నారు. చివరకు న్యూయార్కులో జే గారన్ అనే ఏజెంటు ఒప్పుకున్నాడు. అయినా పెద్ద కంపెనీ ఏదీ తీసుకోలేదు. 1989లో విన్‌వుడ్ అనే చిన్న సంస్థ 5,000 కాపీలు వేసింది. గ్రిషమ్ అందులో 1,000 కాపీలు తానే కొని, కారు డిక్కీలో వేసుకొని, ఊరూరా గ్రంథాలయాల దగ్గర అమ్ముకున్నాడు. అయితే మొదటి నవల ముగిసిన మరునాడే రెండవది మొదలుపెట్టాడట. ఆ రెండవ నవల "ది ఫర్మ్" 1991లో వచ్చి ఆయన పేరును ప్రపంచమంతటా చాటింది. ఎవరూ కొనని మొదటి పుస్తకాన్ని ఆ తరువాత లక్షల మంది కొన్నారు.

ఇక తెలుగులో సంగతి. మన దేశంలో ఢిల్లీ, జైపూర్ వంటి చోట్ల ఏజెంట్లున్నారు గాని వారి పని ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలతో. తెలుగు నవలకు ఏజెంటు అనే పద్ధతి స్థిరపడలేదు. ఒకప్పుడు వారపత్రిక ఎడిటరే ఆ పని చేసేవాడు. సీరియల్‌గా వేస్తే పాఠకులు పెరిగేవారు, తరువాత ప్రచురణకర్త తానే వచ్చేవాడు. ఆ వారపత్రికలు చాలావరకు మూతబడినవి. పోటీలు ఇంకొక దారి. 1997లో అమెరికాలోని తానా సంస్థ నవలల పోటీలో చంద్రలత గారి "రేగడి విత్తులు" బహుమతి పొందింది. కోస్తా నుండి నల్లరేగడి భూములు వెదుక్కుంటూ తెలంగాణకు వచ్చిన రైతుల కథ అది. మన జిల్లాలో అటువంటి కుటుంబాలు ఎన్ని ఉన్నవో నేను చెప్పనక్కరలేదు.

ఏజెంటు అనే మాట తెలియకుండానే ఆ పని చేసిన మనిషి మన పొరుగు జిల్లాలో పుట్టాడు. ఆయన సంగతి కొంచెం వివరంగా చెప్పాలని ఉన్నది. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1915లో నల్లగొండ జిల్లాలో, నకిరేకల్ దగ్గర చెరువుమాధారంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చదువు మీద ఆశతో ఒక ఉపాధ్యాయుని ఇంట పని చేసుకుంటూ అక్షరాలు నేర్చుకున్నారు. విజయవాడలో హోటలు సర్వరుగా పని చేశారు. తరువాత ప్రూఫులు దిద్దే పని చేశారు. నిజాము పాలనలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టంగా ఉన్న ఆ రోజులలో, 1938లో, సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. ఇతరుల రచనలు అచ్చు వేయించి, ఆ పుస్తకాలను గంపలో పెట్టి నెత్తిన మోసుకుంటూ వీధివీధి తిరిగి అమ్మారు. కూరగాయల గంప ఎత్తుకున్నట్లే.

జైలుకు కూడా వెళ్ళారు. నిజామాబాదు జైలులో ఆయనతోపాటు ఉన్నవారిలో దాశరథి కృష్ణమాచార్యులు గారు ఒకరు. ఈయన మనవారే అనవచ్చు. ఖమ్మం హైస్కూలులో చదువుకున్నారు. కాగితం కలం దొరకని జైలులో దాశరథి గారు బొగ్గుతో గోడల మీద పద్యాలు వ్రాసేవారు. 1949లో వచ్చిన తన మొదటి పుస్తకం "అగ్నిధార"ను ఆయన ఆళ్వారుస్వామి గారికే అంకితమిచ్చారు. కవులు ధనవంతులకు అంకితమిచ్చుట మన దేశంలో పాత ఆచారం. దాశరథి గారు పుస్తకాల గంప మోసిన మనిషికి ఇచ్చారు.

ఆళ్వారుస్వామి గారు తాను కూడా నవలా రచయితే. తెలంగాణ జీవితాన్ని చూపిన తొలి నవలలలో ఆయన "ప్రజల మనిషి"ని లెక్కిస్తారు. రెండవ నవల "గంగు" పూర్తికాక ముందే 1961లో కన్నుమూశారు. అసంపూర్తిగానే అది 1965లో అచ్చయింది. ఇతరుల పుస్తకాలు మోయుటలో పోయిన కాలం లేకపోతే ఆ నవల పూర్తయ్యేదేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇటువంటివారు ఇప్పుడెక్కడ ఉన్నారు అని అడుగుతావు. అంత దూరం వెళ్ళకముందు, నీ నవలను పూర్తిగా చదివినవారు ఇప్పటికి ఎందరు? ఆ సంగతి ఉత్తరంలో లేదు. మనమందరము ఎరిగిన "యాత్రికుని ప్రయాణము" వ్రాసిన జాన్ బనియన్ పాత గిన్నెలకు మాట్లు వేసుకొని బ్రతికినవాడు. అనుమతి లేకుండా ప్రసంగించినందుకు 12 ఏళ్ళు బెడ్‌ఫర్డు చెరసాలలో ఉన్నాడు. ఆ పుస్తకాన్ని అచ్చుకు ఇవ్వకముందు తెలిసినవారికి చూపాడు. కొందరు వేయించమన్నారు, కొందరు వద్దన్నారు. ఈ మాట పుస్తకం ముందు తానే చెప్పుకున్నాడు. 1678లో లండన్‌లో నథానియేల్ పాండర్ అనే పుస్తక వర్తకుడు దానిని ప్రచురించాడు. నీకును అటువంటి నలుగురు కావాలి. వారిలో ఒక్కరైనా మొహమాటం లేనివారై ఉండాలి.

తిరిగి వచ్చిన నవలను చూసి దిగులుపడుతున్నావు గనుక యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయము తీసి చదువు. ప్రవక్త చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపుచుట్టను యెహోయాకీము రాజు చాకుతో కోసి, కుంపటిలో వేసి కాల్చాడు. వారి దగ్గర రెండవ ప్రతి ఉన్నట్లు ఎక్కడా లేదు. బారూకు మరియొక చుట్ట తీసుకొని మొదటినుండి మళ్ళీ వ్రాశాడు. ఈసారి మొదటిదానికంటె ఎక్కువ మాటలు చేరినవి. రోమా పత్రిక 16వ అధ్యాయము కూడా చూడు. వ్రాసిపెట్టిన తెర్తియు పేరు అక్కడ ఉన్నది. పౌలు సిఫారసు చేసిన ఫీబేయే ఆ పత్రికను రోముకు మోసుకుపోయిందని చాలామంది పండితుల అభిప్రాయం.

సంఘ పెద్దలకు కూడా ఈ సందర్భంలో ఒక మాట. కన్వెన్షను పాటల పుస్తకానికి, జూబిలీ సావనీరుకు మనము సంతోషంగా చందా ఇస్తాము. మన మధ్య ఒక పిల్లవాడు కథ వ్రాస్తే మాత్రం, ఇవన్నీ లోక సంబంధమైన వ్రాతలంటాము. జాషువా గారు మూకీ సినిమాలకు కథ చదివి వినిపించే పని చేసి పొట్ట పోసుకున్నారు, గుంటూరులో లూథరను శిక్షణ పాఠశాలలో బోధించారు. 1964లో ఆయన "క్రీస్తు చరిత్ర"కు సాహిత్య అకాడమీ బహుమానం వచ్చిన తరువాత ఆయన మనవాడని అందరము చెప్పుకున్నాము. జి. కల్యాణరావు గారి "అంటరాని వసంతం" 2000లో వచ్చింది. దళితుల తరతరాల కథ, అందులో క్రైస్తవులైనవారి కథ. ఆయన రాజకీయాలన్నిటితో మనము ఏకీభవించనక్కరలేదు గాని, మన తాతముత్తాతలు అందులో ఉన్నారు. 2010లో అది ఇంగ్లీషులోకి వెళ్ళింది. కాకినాడలో క్రైస్తవ కుటుంబంలో పెరిగిన సుజాత గిడ్ల గారు న్యూయార్కు భూగర్భ రైళ్ళలో కండక్టరుగా పనిచేస్తూ తన కుటుంబ చరిత్ర వ్రాశారు. 2017లో అక్కడి పేరుపొందిన సంస్థ ఫారర్, స్ట్రాస్ అండ్ జీరూ దానిని ప్రచురించింది.

మన అడవి గురించి మాత్రం ఎక్కువగా వచ్చిపోయినవారే వ్రాశారు. దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ దొర 1870లలో కోయల ఆచారాలను గురించి వ్యాసాలు వ్రాశాడు. హైమెండార్ఫ్ 1945లో గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద గ్రంథం ప్రచురించాడు. వారికి కృతజ్ఞులమే. కాని తునికాకు కల్లం దగ్గర లెక్కలో మోసపోయిన తల్లి రాత్రి ఇంటికి వచ్చి ఏమి మాట్లాడిందో వారెవరూ వినలేదు. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళినప్పుడు, ఏరు దాటితే వేరే రాష్ట్రమైన బంధువుల సంగతి నీ నవలలో ఉన్నదని వ్రాశావు. అది బయటివారు వ్రాయగలిగినది కాదు. ఆ భాగంలో మీ ఇంటి మాటలను పుస్తకాల భాషలోకి మార్చవద్దు.

ఇక చేయవలసిన పనులు. మొదట నోటు పుస్తకాలన్నిటిని జిరాక్సు తీయించి ఒక ప్రతి వేరే ఇంట్లో పెట్టు. మళ్ళీ వరద రాదని ఎవరు చెప్పగలరు? డీటీపీ చేయించే ముందే దిద్దుబాట్లు ముగించు. చేయించిన తరువాత దిద్దితే ప్రతిసారీ ఖర్చు. హైదరాబాదులో ఛాయ, అన్వీక్షికి, 1980 నుండి ఉన్న హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థలు ఏ రకం పుస్తకాలు వేస్తున్నవో ముందు చూడు. డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు ఒక్కసారి వెళ్ళిరా. అన్ని స్టాళ్ళు ఒకే చోట ఉంటవి, మనుషులతో నేరుగా మాట్లాడవచ్చును. పంపేటప్పుడు మొదటి మూడు అధ్యాయాలు, కథ సారం ఒక పేజీ, నీ గురించి అయిదు వాక్యాలు చాలును. నాలుగు నెలలు ఆగు.

ఎవరైనా ఐ.ఎస్.బి.ఎన్. నంబరుకు డబ్బు అడిగితే, కేంద్ర ప్రభుత్వ సంస్థ దానిని ఉచితంగానే ఇస్తుందని చెప్పు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం వ్రాసిన నాటినుండే హక్కు నీది. రిజిస్టరు చేయించకపోయినా నీదే. సర్వహక్కులు ప్రచురణకర్తవి అని ఉన్న కాగితం మీద తొందరపడి సంతకం చేయవద్దు. అన్ని తలుపులూ మూసుకుంటే సొంతంగా 200 కాపీలు వేయించుకొనుటలో సిగ్గుపడవలసినది లేదు. అయితే అది మేకల డబ్బుతో కాదు. ముందుగా కొంటామన్నవారి పేర్లు వ్రాసుకొని, ఆ డబ్బుతో వేయించు. మా ఇంటికి రెండు.

వచ్చే నెలలోపు నవల ఎవరికీ పంపవద్దు. 1986 వరద అధ్యాయాన్ని సాయంకాల ప్రార్థన అయిన తరువాత నాయనమ్మకు బిగ్గరగా చదివి వినిపించు. నీళ్ళు ముందు ఎవరి గడపలోకి వచ్చినవో, గుట్ట మీద మొదటి రాత్రి ఏమి తిన్నారో, ఎక్కడ నీవు తప్పు వ్రాశావో ఆమె చెప్పుతుంది. పక్కన పెన్సిలు పెట్టుకో.