బీడు దుక్కికి తొందర పనికిరాదు
చింతలపూడి నుంచి నూజివీడు దాకా, ముసలి మామిడి తోట కొట్టేసిన చోటైనా, ఏళ్లతరబడి గడ్డి పట్టిన బీడైనా, నాగలితో తిరగేసిన మర్నాడే రోటవేటర్ దింపడం అలవాటైపోయింది. ఈ తొందర రైతుకు చేటు. తిరగబడిన మట్టిపెళ్లను చేత్తో విరిచి చూడండి: లోపల తెల్లటి గరిక కాడలు అల్లుకుని ఉంటాయి, ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ. రోటవేటర్ కత్తులు ఆ కాడను ముక్కలు చేస్తే, కణుపున్న ముక్కలు తడి తగలగానే మళ్లీ చిగురిస్తాయి. తుంగగడ్డలూ అంతే, కలుపును మనమే చేనంతా నాటినట్టు. పైగా ఏటా అదే నాలుగైదు అంగుళాల లోతున తిప్పితే అడుగున గట్టి పొర ఏర్పడుతుంది, పొడైన ఎర్రమట్టి పెద్దవానకు అట్టకట్టి, వాలుకు కొట్టుకుపోతుంది. వేసవిలో వాలుకు అడ్డంగా లోతుగా దున్ని, పెళ్లలను అలాగే రెండు మూడు వారాలు ఎండనివ్వాలి. వేర్లు పెళుసెక్కాక గొర్రు తోలితే గరిక చుట్టలుగా పైకొస్తుంది; ఏరి గట్టు మీద పోయాలి. తొలకరికి జనుమో జీలుగో చల్లి పూత దశలో కలియదున్నాలి. రోటవేటర్ అప్పుడు బాగా పనికొస్తుంది. ఆ తర్వాతే మొక్కజొన్నైనా, పామాయిల్ గుంతలైనా. గంటల లెక్కన ట్రాక్టర్ బాడుగ కట్టే కౌలురైతుకు ఇన్ని దఫాలు భారమే, కాదనను. ఆ దుక్కి మేలు కౌలు ముగిశాకా నేలలోనే ఉంటుంది కనుక, ఖర్చులో సగం భూమి యజమాని భరించాలి.