నీళ్ళూ నేలా మనమూ – 7: పక్షులకు విడిది సరే, మరి మన పేటకు?



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు: "అన్నా, భూమి గురించి రాస్తున్నావు, బాగుంది. మధ్యలో ఈ కొంగలు, గూడబాతుల గొడవ మనకెందుకు?" మంచి ప్రశ్న. ఈ భాగమంతా దానికి జవాబే.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టింది ఎందుకు? ఆ చెరువులో గొడ్డు దిగొచ్చు, పిట్ట వాలొచ్చు, మనం మాత్రం ముట్టకూడదన్నారు కాబట్టి. 1985లో కారంచేడులో మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవే జులై 17 నరమేధం దాకా పోయింది. చెరువంటే నీళ్ళు మాత్రమే కాదు, ఎవరు దిగొచ్చు, ఎవరు దిగకూడదు అని చెప్పే అధికారం. అందుకే ప్రభుత్వం "వలస పక్షుల కోసం సరస్సును బాగుచేస్తాం, నిధులిస్తాం" అన్నప్పుడు మనం మొదట అడగాల్సింది ఒకటే: ఆ అధికారం ఎవరి చేతికి పోతోంది?

కొల్లేరు చూడండి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 1970ల్లో ప్రభుత్వం అక్కడి వడ్డి కులస్తులకూ ఎస్సీలకూ సొసైటీలు పెట్టించి, సరస్సు భూమిలో చేపల చెరువులు ఇచ్చింది. కాగితం మీద యజమానులం మనమే. మరి చెరువు తవ్వడానికి, పిల్ల వేయడానికి, మేతకు డబ్బెవరిది? డబ్బున్న కులాల పెద్ద రైతులు లీజు పేరుతో దిగారు. సొసైటీ సభ్యుడు తన చెరువు గట్టు మీదే కాపలా కూలీ అయ్యాడు.

1999లో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ గట్లు నిలవాలని నేననను. సరస్సు గొంతు నులిమినవి అవే. కానీ దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. లీజుదారుకు పెట్టుబడి ఇంకోచోట పెట్టుకునే దారి ఉంది. సొసైటీ సభ్యుడికి ఉన్న ఆధారమే అది. రికార్డుల్లో పేరు మనది కాబట్టి ఆక్రమణదారులన్న ముద్ర కూడా మనకే.

తర్వాత 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. అప్పుడూ ముందుకు తెచ్చింది పేదల బతుకుల మాటే. గట్టు కట్టేటప్పుడు మన పేరు, కూల్చేటప్పుడు మన పేరు, కుదించేటప్పుడూ మన పేరే. లాభం మాత్రం ఎప్పుడూ మన పేరున లేదు.

అందుకని పక్షులకు ఎదురు నిలబడదామా? వద్దు. అది లీజుదారు మనకు నేర్పిన వాదన. సరస్సు చచ్చిపోతే ముందు మునిగేది పల్లంలో ఉన్న మన పేటలే. విజయవాడ మురుగు, చెరువుల రసాయనాలు చేరిన నీళ్ళలో దిగి పనిచేసేదీ మనవాళ్ళే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు చూశాం కదా, నీటి దారి మూస్తే ఏమవుతుందో. గూడబాతు బతికే నీళ్ళలోనే మనమూ బతుకుతాం.

నేలపట్టు చూడండి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పంటకు బలమని ఊరివాళ్ళు ఎరుగుదురు. అందుకే వాటిని కాపాడుకున్నారు. జనానికి లాభముంటే పక్షికి కాపలా దానంతటదే వస్తుంది.

ఇక డబ్బు మాట. చిత్తడి నేలలు, సరస్సుల రక్షణకు కేంద్రం 2013 నుంచి ఒకే జాతీయ పథకం నడుపుతోంది. మన రాష్ట్రాల్లాంటి చోట ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఇలాంటి నిధుల లెక్క మనం కాంట్రాక్టరుకు వదిలేయకూడదు. మన డిమాండ్లు నాలుగు.

ఒకటి, పని మొదలుకాకముందే గ్రామసభలో ప్రణాళిక తెలుగులో చదివి వినిపించాలి. సొసైటీ రికార్డుల్లో ఎవరి పేరుంది, అనుభవించింది ఎవరు అన్న లెక్క బయటపెట్టాలి.

రెండు, గుర్రపుడెక్క తీసే పని, పూడిక పని, పడవలు, కాపలా అన్నీ స్థానిక దళిత, మత్స్యకార సంఘాలకే ఇవ్వాలి. ఆడవాళ్ళకు సమాన కూలి ఇవ్వాలి.

మూడు, చేపల మీద సమష్టి హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకూ వర్తిస్తుంది. గిరిజనేతరులు 75 ఏళ్ళ నివాసం రుజువు చూపాలి. మన తాతలకు కాగితాలెక్కడివి? కానీ ఊరి పెద్దల వాంగ్మూలాన్ని కూడా ఆ చట్టం నియమాలు రుజువుగా ఒప్పుకుంటాయి. అవ్వలూ తాతలూ ఉండగానే రాయించుకోండి.

నాలుగు, చెరువు పోయిన సొసైటీ సభ్యుడికి బతుకుదెరువు చూపడం కూడా పునరుద్ధరణ ఖర్చులోనే ఉండాలి. దయగా కాదు, పద్దుగా.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ జిల్లాలో ఇలాంటి సరస్సు ఉంటే, దాని ప్రణాళికా ఖర్చుల వివరాలూ సమాచార హక్కు కింద అడగండి. జవాబు తెచ్చి ముందు పేటలో చదవండి. తర్వాత ఇక్కడ పెట్టండి.

వేల మైళ్ళు ఎగిరొచ్చే పిట్టకు విడిది కావాలని ఖర్చుపెట్టే ప్రభుత్వం, ఆ గట్టు మీదే పుట్టి కూలికి వలసపోయే మనిషికి తిరిగొచ్చే దారి కూడా చూపాలి. రెండూ ఒకే సరస్సులో సాధ్యమే. అడగాల్సింది మనం.

జై భీమ్.