ఘాటు వేరు, కారం వేరు

ఈమధ్య ఆవకాయ ఎలా ఉందని పిల్లల్ని అడిగితే 'స్పైసీగా ఉంది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. మా పెదకాకాని వైపు ఇళ్ళల్లో ఘాటు వేరు, కారం వేరు. ఆవపిండి ముక్కుకెక్కితే ఘాటు, మిరపకాయ నాలుకను మండిస్తే కారం. చుట్టూ మిరప చేలున్న ఊరివాళ్ళం, ఆ మాత్రం తేడా తెలియకపోతే ఎలా చెప్పండి?

జాడీలో ఈ రెండూ ఒకే దారిన పోవు మరి. మూడో రోజు తిరగకలిపిన కొత్తావకాయ వేడన్నంలో కలపండి. ముక్క కరకరమంటుంది. ఉప్పు విడిగా, పులుపు విడిగా తగులుతాయి. ఆవఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అదే జాడీ మూత సంక్రాంతికి తీయండి. ఆవఘాటుకు గాల్లో కలిసిపోయే గుణం ఉంది, అందుకే నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కారం అంత తేలిగ్గా పోదు. ఎరుపు ముదురుతుంది, ముక్క మెత్తబడుతుంది, ఊటా ముక్కా ఒకే రుచికొస్తాయి. మా పెద్దవాళ్ళు దాన్నే 'ఊరింది' అనేవారు.

ఫ్రాన్సువాళ్ళు వైన్ రుచి చూసేటప్పుడు వెతికేదీ ఇలాంటి తేడాలనే. బోర్డో ఎర్ర వైన్ కొత్తలో ఊదా రంగులో, బాగా వగరుగా ఉంటుంది. ద్రాక్ష తొక్క, గింజల నుంచి దిగే టానిన్ల పని అది. మరీ మరిగిన టీలో వచ్చే వగరూ అలాంటిదే. ఏళ్ళు గడిస్తే ఆ టానిన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని, కొంత మడ్డిగా సీసా అడుగుకి చేరతాయి. వగరు మెత్తబడి, రంగు ఇటుక ఛాయకు తిరుగుతుంది. తాజా పండు వాసన తగ్గి తోలు, పుట్టగొడుగు, తడిసిన ఆకుల వాసనలు వస్తాయంటారు. బోర్డో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎమీల్ పేనో వైన్ రుచి మీద 1980లో ఏకంగా ఓ పుస్తకమే రాశాడు.

అలాగని పాతదంతా గొప్పని కాదు. బోజొలే నువో అనే వైన్ ఆ ఏడు కోసిన ద్రాక్షతోనే చేసి, నవంబరు మూడో గురువారం అమ్మకానికి తెస్తారు. తాజాగా తాగాల్సిందే. మన పెళ్ళిళ్ళలో అప్పటికప్పుడు కలిపే మామిడికాయ ముక్కల పచ్చడిలాగన్నమాట.

ఇప్పుడు ఇళ్ళల్లో జాడీలు తగ్గాయి. చిన్న సీసా కొనడం, ఫ్రిజ్‌లో పెట్టడం, అయిపోగానే ఇంకోటి. ఆవకాయకి వయసు వచ్చే వీలేదీ? పాతావకాయ నాలుక మీద పడని పిల్లలకి 'ఊరింది' అనే మాటతో పనేముంది?

అందుకే ఈ వేసవిలో ఒక చిన్న జాడీ పక్కన పెట్టండి. వచ్చే ఏడు కొత్తావకాయ కలిపిన వారంలో రెండూ రుచి చూడండి. పాతదే ముందు, ఎందుకంటే ఆవఘాటు తగిలాక నాలుక దేన్నీ పట్టించుకోదు. మధ్యలో రెండు ముద్దలు మజ్జిగన్నం తినండి. 'స్పైసీ' అనకుండా చెప్పాలని పిల్లలకి పందెం పెట్టండి. మా పదేళ్ళ మనవరాలు పాతదాన్ని తిని 'తాతయ్యా, ఇందులో కారం కూర్చుని ఉంది. కొత్తదాంట్లో గెంతుతోంది' అంది.

అన్నట్టు, అప్పటిదాకా ఆ జాడీకి తడి గరిటె మాత్రం తగలనివ్వకండి.