ఆడని ఆటల గుట్ట

ఇంజినీరింగ్ చదివిన పిల్లలున్న ఇంట్లో ‘బ్యాక్‌లాగ్’ అనే మాట తెలియని వారుండరు. తప్పిపోయి, మళ్ళీ రాయడానికి మిగిలిపోయిన పేపర్లకు ఆ పేరు. వీడియో గేములు ఆడే యువకులు అదే మాటను, కొని ఆడకుండా వదిలేసిన ఆటలకు వాడుతున్నారు. కొత్తవి కొనడం ఆపి, ఉన్నవాటినే ఒక్కొక్కటిగా ఆడి, ప్రతిదాని మీదా ఒక రివ్యూ రాయాలని వారిలో కొందరు తీర్మానించుకుంటున్నారు. విశ్వాసుల పిల్లలకు ఇదేం పని అని పెద్దలు విసుక్కుంటారు. నేను మాత్రం ఆ తీర్మానం మంచిదే అంటాను.

అసలు ఈ గుట్ట ఎలా పేరుకుందో చూడాలి. 2003లో అమెరికాలోని వాల్వ్ కంపెనీ ‘స్టీమ్’ను ప్రారంభించింది. డిస్కు కొనే పనిలేకుండా ఆటను నేరుగా కంప్యూటర్‌లోకి దింపుకోవచ్చు. వేసవిలో ఒక సేల్, శీతకాలంలో మరొకటి. కొన్ని ఆటలు నాలుగో వంతు ధరకే వస్తాయి. 2018లో మొదలైన ఎపిక్ వారి దుకాణమైతే కొన్ని ఆటలను ఉచితంగానే ఇస్తోంది. ఆషాఢం సేల్‌లో చీరలు కొని మడత విప్పకుండా దాచే ఇళ్ళు మనకు తెలియనివా? పాస్టర్ల అరల్లో అట్ట తెరవని వ్యాఖ్యాన గ్రంథాల సంగతి ఇక్కడ ఎత్తను. చీరలకైతే బీరువా నిండినప్పుడైనా చెయ్యి ఆగుతుంది. ఈ గుట్టకు బీరువా లేదు. పైగా కొన్నవాడి చేతికి వచ్చేది ఆట కాదు, ఆడుకునే అనుమతి మాత్రమే. 2024లో స్టీమ్ ఆ మాటను డబ్బు కట్టేచోటే రాసిపెట్టింది.

కాబట్టి నా అభ్యంతరం ఆడటం మీద కాదు, ఆశపడి కూడబెట్టడం మీద. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. ‘విచర్ 3’ అనే ఆటలో ముఖ్య కథ ముగించడానికే దాదాపు 50 గంటలు పడుతుంది. ‘పెర్సోనా 5’కు దాదాపు 100. రోజుకు గంట చొప్పున ఆడితే రెండో ఆట ఒక్కటే మూడు నెలలు తింటుంది. కొనేటప్పుడు ధర చూసినవాడు ఈ గంటలు చూడలేదు. గుట్టను తగ్గించడానికి పూనుకున్న రోజున చూస్తాడు.

అయితే ఇందులో ఒక ఉరి ఉంది. మా సంఘంలో ఆరాధనలో కీబోర్డు వాయించే యువకుడు ఇలాంటి జాబితానే పెట్టుకున్నాడు. కొన్నవి 140, ముగించినవి 19. నచ్చని ఆటను కూడా కొట్టివేత గీత కోసం అర్ధరాత్రి దాటేదాకా ఆడి, ఉదయం ఎర్రబడ్డ కళ్ళతో ఆఫీసుకు పోతున్నాడు. ‘ముగించకపోతే డబ్బు దండగ కదా అయ్యగారూ’ అన్నాడు. డబ్బు ఎప్పుడో పోయింది బాబూ, ఇప్పుడు పోయేది నిద్ర అన్నాను. విశ్రాంతి కోసం కొన్నది వెట్టిచాకిరీ అయితే అది ఆట కాదు. ఎన్నో గంటకు, ఎందుకు వదిలేశావో నిజాయితీగా రాయి, అది కూడా రివ్యూనే అని చెప్పాను.

రివ్యూ అంటే మన భాషలో సాక్ష్యమే. చూసినవాడే సాక్ష్యం చెప్పాలి. అరగంట ఆడి అంతా తెలిసినట్టు రాసేవాడిదీ, ఒక్క ఆటా చూడకుండా వేదిక మీద నుండి అన్నిటినీ సాతాను పనిముట్లనే బోధకుడిదీ ఒకే తప్పు.

ఆ యువకుని జాబితాలో నాలుగేళ్ళుగా ముట్టుకోని ఆట ఒకటుంది, ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’. నిడివి రెండు గంటలే. కొలరాడోకు చెందిన ర్యాన్ గ్రీన్, ఎమీ గ్రీన్ దంపతులు విశ్వాసులు. వారి కుమారుడు జోయెల్‌కు 2010లో, ఏడాది వయసులో క్యాన్సర్ అని తేలింది. 2014 మార్చిలో, ఐదేళ్ళకు ఆ బిడ్డ ప్రభువునందు నిద్రించాడు. తల్లిదండ్రులు చిన్న బృందంతో కలిసి ఆ సంవత్సరాలనే ఆటగా చేసి 2016 జనవరిలో విడుదల చేశారు. ఒక ఘట్టంలో ఆసుపత్రి గదిలో దాహంతో పిల్లవాడు ఏడుస్తుంటాడు. పండ్లరసం పట్టినా లోపల నిలవదు. ఎత్తుకున్నా ఊరుకోడు. ఏం నొక్కినా గెలుపు లేదు. తండ్రి ప్రార్థిస్తాడు. ఏడుపు ఆగుతుంది, వ్యాధి ఆగదు. అక్కడి నడవాల్లో, తమవారిని పోగొట్టుకున్న నిజమైన కుటుంబాలు పంపిన కార్డులు కనిపిస్తాయి. ప్రార్థించినా బిడ్డ దక్కని ఇళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నాయి. వారి ముందు మనం తొందరపడి చెప్పే జవాబులేవీ ఈ ఆట చెప్పదు. అందుకే దాన్ని మన యువకులు ఆడాలంటాను.

చాలామంది వేరొకరు ఆడిన వీడియో చూసి సరిపెట్టుకున్నారని విడుదలైన ఏడాదే గ్రీన్ బాధతో రాశాడు. మా వాడు అలా చేయలేదు. గత నెల ఒక శనివారం ఒకే కూర్పున ఆడాడు. అతని నోటుపుస్తకంలో ప్రతి ఆటకూ పదికి ఇన్ని అని మార్కులున్నాయి. దీని దగ్గర ఒకటిన్నర పేజీ రాసి, మార్కుల గడి ఖాళీగా వదిలాడు. అది వచ్చే యువజన కూటంలో చదవమని అడిగాను. చదువుతానన్నాడు గాని, చదివాక ఎవరూ ప్రశ్నలు అడగకూడదన్నాడు.