మడిలో నిలిచిన నీరు

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో వాతావరణం వేడెక్కడం గురించి మాట్లాడగానే అందరి చూపూ ఎన్టీపీసీ పొగగొట్టాల వైపు, సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల వైపు మళ్లుతుంది. అది న్యాయమే, బొగ్గు వాటాను రైతు నెత్తిన రుద్దలేము. అయితే సుల్తానాబాద్, మంథని పొలాల్లో పచ్చగా కళకళలాడే వరి మడి కూడా భూమిని వేడెక్కించే వాయువును వదులుతుంది. దానికి పొగ లేదు, వాసన లేదు.

మడిలో నీరు ఎడతెగక నిలిస్తే మట్టికి గాలి అందదు. ఆ బురదలో కుళ్లే గడ్డి, వేళ్ల నుండి సూక్ష్మజీవులు మీథేన్‌ను పుట్టిస్తాయి. వందేళ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. మట్టి మధ్యమధ్య ఆరితే ఆ ఉత్పత్తి బాగా తగ్గుతుంది.

దీనికి ఆరుతడి పద్ధతి ఉంది. రంధ్రాలు చేసిన గొట్టాన్ని మడిలో పాతి, అందులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇవ్వాలి. నాట్లు వేసిన తొలి రెండు వారాలు, పూత దశలో మాత్రం మడి ఎండకూడదు. సరిగా పాటిస్తే దిగుబడి పెద్దగా తగ్గకుండానే మీథేన్ సుమారు సగానికి తగ్గుతుంది. యూరియా మాత్రం మితంగా వేయాలి. అతిగా వేసిన మడి తడిసి ఆరుతూ ఉంటే మీథేన్‌ను మించిన నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. రామగుండంలోనే యూరియా తయారవుతున్నది కదా అని చల్లేయడం తగదు.

అసలు చిక్కు పద్ధతిలో లేదు. 2018 జనవరి నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చింది. ఆటో స్టార్టరు బిగిస్తే రైతు నిద్రపోతున్నా మోటారు నడుస్తుంది. నీటిని పొదుపు చేస్తే జేబులో మిగిలేది ఏమీ లేదు. అలాంటప్పుడు ఎందుకు పొదుపు చేయాలి?

మదీనాలోని మహ్‌జూర్ వాగు నీటి విషయంలో దైవప్రవక్త (స) ఇచ్చిన తీర్పు ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఎగువ పొలంవాడు చీలమండల వరకు నీరు నిలుపుకొని, ఆ తరువాత దిగువవానికి వదలాలి. ఎగువవాని అవసరం తీరింది. అవసరం తీరాక ఆ నీటిపై హక్కు పొరుగువానిది. మన కాలువల కింద చివరి ఆయకట్టుకు నీరందక ఎండే మడులను చూసినవారికి ఈ తీర్పు విలువ వివరించనక్కరలేదు.

కౌలు రైతుకు మాత్రం భయం సహజం. పంట పోతే కౌలు పోదు కదా! కాబట్టి భూమి ఉన్నవారే ముందుకు రావాలి. ఈ యాసంగిలో ఒక్క మడిలో ఆరుతడి చేయించి, అందులో దిగుబడి తగ్గితే ఆ మేరకు కౌలు తగ్గిస్తామని నాట్లకు ముందే మాట ఇవ్వాలి.